హమాందస్తాలో దంచిన గ్రానైటు

ముప్పై నాలుగేళ్లు ఏం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే "రాళ్లు కొట్టాను" అంటాను. వినేవాళ్లలో సగంమంది నవ్వుతారు. మిగతా సగం, వీడు జైల్లోగాని ఉన్నాడా అన్నట్టు చూస్తారు. నేను చెప్పేది నిజమే. ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా చేరాను, టెక్నీషియన్‌గానే రిటైరయ్యాను. మధ్యలో హోదా పేరు మూడుసార్లు మారింది గాని చేతిలో సుత్తి మారలేదు.

ఇప్పుడిప్పుడే ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు కొందరు అనుభవాలు రాయమని నా వెంటపడ్డారు. విజయాలు రాద్దామని కూర్చుంటే అరపేజీ కూడా నిండలేదు. అందుకని నాకు ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టని ఒక వ్యవహారం రాస్తున్నాను. చదివాక మీకు అర్థమైతే నాకు కూడా చెప్పండి.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. అణువిద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే వ్యర్థాలు తరాలు గడిచినా చల్లారవు. వాటిని గాజుతో కలిపి కరిగించి, ఉక్కు డబ్బాల్లో పోసి, భూమిలో చాలా లోతున గట్టిరాతి మధ్య దాచాలన్నది ఆలోచన. ఉక్కు ఏనాటికైనా తుప్పు పడుతుంది, రాతి పగుళ్లలోంచి నీరు వస్తుంది. ఆ నీటితో సీజియం లాంటి రేడియోధార్మిక మూలకాలు బయలుదేరతాయి. దారిలో ఉన్న రాయి వాటిని పట్టుకుంటుందా, పోనిస్తుందా అన్నదే మా ప్రశ్న.

చేసే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. రాయిని మెత్తగా పొడి చేసి గొట్టంలో వేస్తాం. నీళ్లు పోసి, అందులో అతి కొద్దిగా సీజియం కలిపి, కొన్ని రోజులు ఊపుతాం. తర్వాత పొడిని అడుక్కి దించి, పైన తేరిన నీటిలో సీజియం ఎంత మిగిలిందో యంత్రంలో చూస్తాం. నీటిలో మిగలనిదంతా రాయి పట్టుకున్నట్టు లెక్క. బంకమన్నుకి సీజియం అంటే మహా ఇష్టం. మన్ను పొరల అంచుల్లో ఒకసారి ఇరుక్కుందంటే మళ్లీ బయటికి రావడం కష్టం. గ్రానైటు అంత గట్టిగా పట్టుకోదు. ఈ రెండు ముక్కలూ గుర్తుంటే మిగతా కథ అర్థమైపోతుంది.

మా ఇంటావిడకి ఇదంతా ఒకసారి గంటసేపు వివరించాను. ఆమె శాంతంగా విని, "ఆ రాయి ఏం పట్టుకుంటదో ఏమో గని, నువ్వైతే వచ్చేటప్పుడు కొత్తిమీర పట్కరా" అంది.

మా విభాగంలో ఈ పని చేసేది ముగ్గురం. మొదటివాడు మా పెద్దసారు. తెలివిగలవాడు, తొందర ఎక్కువ, మనసు మంచిది. రెండోవాణ్ణి నేను. మూడోది పరిశోధన కోసం చేరిన ఒక అమ్మాయి. మాది ఛత్రినాక, ఆమె ఇల్లు కూడా మాకు నాలుగు సందుల అవతలే. తండ్రి ఆటో నడుపుతాడు, తల్లి సర్కారు దవాఖానలో ఆయా. ఆ ఇంట్లో కాలేజీ గడప దాటిన మొదటి మనిషి ఈ పిల్లే. ఇద్దరం రోజూ ఫలక్‌నుమాలో రైలెక్కి ఊరి అవతలి కొసకి వెళ్లేవాళ్లం. నన్ను అంకుల్ అనేది. నేను బిడ్డా అనేవాణ్ణి.

ఆమె చేరిన మొదటిరోజు పని నేర్పింది నేనే. మొట్టమొదట నేర్పింది నోటుపుస్తకం రాయడం. "తప్పు రాస్తె చెరపొద్దు బిడ్డా, వైట్నర్ పుయ్యొద్దు. ఒక్కటే గీత కొట్టాలె. కింద ఏం రాసినవో అందరికి కనవడాలె. పక్కకు సంతకం, తారీఖు." పెద్ద గురువులాగా చెప్పాను. ఆ పిల్ల బుద్ధిగా తలూపింది. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

ఒక ఎండాకాలం మొదట్లో మా రాయి కొట్టే యంత్రం దవడ విరిగింది. కొత్తది రావాలంటే ఎన్ని సంతకాలు కావాలో సర్కారు కొలువు చేసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. అప్పుడే లోతు నుంచి తవ్వి తీసిన గ్రానైటు కడ్డీలు కొత్తగా వచ్చాయి. పెద్దసారు వాటి చుట్టూ కాలుగాలిన పిల్లిలాగా తిరుగుతున్నాడు.

"యంత్రం ఎప్పుడు బాగైతదో ఏమో. ఒక్క ముక్క అన్న పొడి చేస్తే మొదటి రీడింగన్న చూద్దుము. ఏమన్న ఉపాయం ఉన్నదా?" అన్నాడు.

నాకో జబ్బు ఉంది. ఎవరైనా ఉపాయం అడిగితే లేదనలేను. పాతబస్తీలో పుట్టి పెరిగినవాడికి దొరకని మరమ్మతు ఉండదని నా గర్వం. "మీరు ఫికర్ జేయకుండ్రి సార్, ఎల్లుండికల్లా పొడి మీ టేబుల్ మీద ఉంటది" అనేశాను. ఎక్కడ, ఎట్లా అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

పత్తర్‌గట్టి వెనక సందులో ఒక దంచే దుకాణం ఉంది. మా నాన్న కాలం నుంచి మా ఇంటి పసుపు, కారం అక్కడే దంచిస్తాం. మర పట్టిస్తే రుచి పోతుందని మా అమ్మ పట్టు. దుకాణం నడిపే భాయ్‌ది నా వయసే. గోడ పొడుగునా నడుం ఎత్తు ఇనుప రోళ్లు, వాటిలో మనిషి ఎత్తుండే రోకళ్లు. వాటిని అక్కడ హమాందస్తాలంటారు. మూలికలు, మసాలాలు, ఆడవాళ్లు ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి, అన్నీ అక్కడే నలుగుతాయి.

సంచిలోంచి గ్రానైటు ముక్కలు తీసి పెట్టేసరికి భాయ్ వాటినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఏంది భాయ్, పత్తర్ దంచాల్నా? దిమాక్ ఖరాబైందా?"

"సర్కారీ పని భాయ్. మైదా లెక్క గావాలె."

"దీనితోని రొట్టెలు జేస్తరా మీ సర్కారోళ్లు?"

"నువ్వు దంచు గని, ముందుగాల హమాందస్తా మంచిగ సాఫ్ చెయ్. మిర్చి గిర్చి కలిస్తే నా నౌకరీ పోతది."

"నాకు జెప్తున్నవా? సాఫ్ అంటే సాఫ్" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు.

ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. శుభ్రం చేయమని నోరు విడిచి అడిగింది నేనే. అడిగి, ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగడానికి వెళ్లాను. వచ్చేసరికి దంచడం సగం అయింది. ఉట్టి రాయే కాబట్టి ఎవరికీ ప్రమాదం లేదు. సీజియం కలిసేది తర్వాత, మా ల్యాబులోనే. పొడి ఉర్దూ పేపర్లో పొట్లం కట్టించుకుని, మర్నాడు ల్యాబులో జల్లెడ పట్టి సీసాలో పోశాను. నోటుపుస్తకంలో 'పొడి చేసిన చోటు' అని ఒక గడి ఉంటుంది. అందులో 'ల్యాబు' అని రాశాను. ఎందుకు రాశానంటే, ముప్పై ఏళ్లుగా ఆ గడిలో అదే రాస్తున్నాను కాబట్టి. ఈ జవాబు నాకే పూర్తిగా నచ్చదు. కాని ఇంతకన్నా మంచిది దొరకలేదు.

ఆ పొట్లం విప్పినప్పుడు ఆ అమ్మాయి పక్కనే ఉంది. పొడి మీదికి వంగి చూసి, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

రీడింగు వచ్చిన రోజు పెద్దసారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మామూలు గ్రానైటు పట్టుకునేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ సీజియం పట్టుకుంది మా పొడి. నీటిలో దాదాపు ఏమీ మిగలలేదు. ఆయన నా భుజం తట్టి "ఈ రాయి మామూలుది కాదయ్యా!" అన్నాడు. నాకూ గర్వంగానే ఉంది. రైల్లో ఇంటికొస్తూ, నేను దంచించిన రాయి రేపు దేశానికి పనికొస్తుందని కాసేపు ఊహించుకున్నాను కూడా. ఆయన మరుసటి వారమే పైవాళ్లకి ఒక చిన్న నివేదిక పంపేశాడు.

నెల తర్వాత యంత్రం బాగైంది. అదే కడ్డీలోంచి ఇంకో ముక్క తీసి, అమ్మాయి స్వయంగా యంత్రంలో పొడి చేసి, ప్రయోగం మళ్లీ చేసింది. ఈసారి రాయి బద్ధకంగా ఏదో కొంచెం పట్టుకుని మిగతాది నీటిలో వదిలేసింది.

అక్కడి నుంచి మొదలైంది మా అయోమయం. గొట్టాలు మార్చాం. నీళ్లు మార్చాం. రీడింగు చూసే యంత్రాన్ని విప్పి మళ్లీ బిగించాం. నా పొడితో ఎన్నిసార్లు చేసినా ఎక్కువే, ఆమె పొడితో ఎన్నిసార్లు చేసినా తక్కువే. ఒకే రాయి, రెండు బుద్ధులు. అమ్మాయి ఒకరోజు అయస్కాంతం తెచ్చి రెండు పొడుల్లో తిప్పింది. నా పొడిలోంచి నల్లటి నలుసులు ఎక్కువ లేచాయి. అది హమాందస్తా ఇనుము కావచ్చు కదా. పెద్దసారు వచ్చి చూసి, "గ్రానైటులో అయస్కాంతానికి అంటుకునే గింజలు ఎట్లాగూ ఉంటయి, ఒక్కో ముక్కల ఒక్కో తీరు" అని వెళ్లిపోయాడు. అదీ నిజమే. నేను మళ్లీ నా పనిలో పడ్డాను.

తర్వాత రెండు పొడులనూ ఎక్స్‌రే యంత్రానికి పంపారు. ఏ ఖనిజం ఉందో అది చెబుతుంది. నా పొడిలో బంకమన్ను ఉందని తేలింది. ఇక దొరికిపోయానని అనుకుంటున్నారా? పెద్దసారు చప్పట్లు కొట్టాడు. "చెప్పలే? రాతి పగుళ్లలో కాలం గడిచేకొద్దీ మన్ను తయారైతది. ఆ మన్నే సీజియాన్ని పట్టుకుంటున్నది. మొదటి ముక్కల పగులు ఉన్నది. ఈ అమ్మాయి పగులు లేని ముక్క ఏరుకున్నది, అంతే" అన్నాడు. గ్రానైటు పగుళ్లలో అట్లాంటి మన్ను నిజంగానే ఉంటుంది. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. విన్నాక నేనూ నమ్మాను. దుకాణం సంగతి అప్పటికి నా మనసులోంచి సగం జారిపోయింది.

కాని తప్పు మాత్రం ఆమె నెత్తిన పడింది. ముక్కలు ఏరడం రాదు, నిర్లక్ష్యంగా పనిచేసింది అన్న మాట విభాగమంతా పాకింది. పెద్దసారు కావాలని అనలేదు గాని, ఆయన నోట్లోంచి వచ్చిన మాట కదా, నాలుగు గదులు తిరిగేసరికి పెద్దదైంది. ఆమె ఫెలోషిప్పు మూడో ఏడాదికి పొడిగిస్తారా లేదా అన్నది వచ్చే సమీక్ష సమావేశంలో తేల్చాలి. పొడిగించకపోతే చేసిన రెండేళ్ల పని అక్కడే ఆగుతుంది. ఇంట్లో సంబంధాలు చూడటం అప్పటికే మొదలుపెట్టారు.

సమావేశానికి మూడు వారాలుందనగా మా ఆవిడ పసుపు దంచించుకు రమ్మంది. మా వీధిలో బోనాలు. ఇంటింటికీ సున్నాలు, వేపమండలు, మైకులు. ఆదివారం పొద్దున పత్తర్‌గట్టి సందుకి వెళితే నాకన్నా ముందు ఎవరిదో మిర్చి దంచడం అయిపోయింది. నా పసుపుకోసం భాయ్ హమాందస్తా ఖాళీ చేశాడు. పక్కనున్న గోనెసంచిలోంచి రెండు గుప్పిళ్ల తెల్లమట్టి గడ్డలు తీసి అందులో వేసి, పదిపదిహేను పోట్లు వేశాడు. ఆ మట్టిని చేత్తో ఎత్తి పారేసి, పాతగుడ్డతో గోడలు తుడిచాడు.

నేను పసుపు సంచి కింద పెట్టాను.

"భాయ్, గదేంది?"

"ఏంది అంటే ఏంది? ముల్తానీ మిట్టి. మిర్చి నూనె, వాసన మొత్తం గుంజుకుంటది. మా అబ్బా జమానా నుంచి గిట్లనే సాఫ్ జేస్తం. నువ్వు చిన్నప్పటి సంది చూస్తలేవా?"

చూస్తూనే ఉన్నాను. నిక్కర్ల నాటి నుంచి కొన్ని వందలసార్లు చూసి ఉంటాను. కళ్లముందు జరిగేది కనపడకపోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

"మరి నా పత్తర్ దంచిన నాడు?"

"ఆ రోజు నువ్వు మస్తు హుషార్ జేసినవ్ గద, నౌకరీ పోతదని. అందుకే నాలుగు సార్లు ఏసి దంచిన. పెళ్లికూతురు సామాను గూడ అంత సాఫ్ జెయ్యలే!" అని నవ్వాడు.

ముల్తానీ మట్టి అంటే అచ్చమైన బంకమన్ను. మేం ల్యాబులో సీజియాన్ని పట్టుకోవడానికి తెప్పించుకునే మన్నుకి దగ్గరి చుట్టం. గుడ్డతో ఎంత తుడిచినా ఇనుప గోడల గరుకులో మిగలకుండా ఉంటుందా? పసుపు తీసుకుని ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు.

ఇక్కడి నుంచి నా బుర్ర ఎట్లా పనిచేసిందో మీకు నిజాయితీగా చెప్పాలి. ఆదివారం రాత్రికల్లా తప్పు నాదేనని తెలిసిపోయింది. సోమవారం పొద్దున రైలెక్కేసరికి తెలిసిందో లేదో తెలియకుండా పోయింది. మిగిలిన మట్టి ఎంతని, చిటికెడు. చిటికెడు మట్టికి అంత తేడా వస్తుందా? పగుళ్లలో మన్ను ఉండనే ఉంటుందని పెద్దసారే అన్నాడు కదా. ఆయన చదివినంత నేను చదివానా? ఒకవేళ రెండూ కలిసి ఉంటే? అప్పుడు నేను చెప్పి ఏం లాభం, గందరగోళం పెరగడం తప్ప? ఇట్లా ఛత్రినాక నుంచి ల్యాబుదాకా పోనూ రానూ ఒకటే లొల్లి నా లోపల. రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఆ సంగతి కూడా మనసులో ఓ మూల కూర్చునే ఉంది, దాచను.

ఆ మూడు వారాలూ ఆ పిల్ల రోజూ నా ఎదురు సీట్లోనే కూర్చుంది. ఒకసారి కిటికీలోకి చూస్తూనే అడిగింది.

"అంకుల్, ఆ మొదటి పొడి మీరే చేసిన్రు గద?"

"అవ్ బిడ్డా."

"మన దగ్గర్నేనా?"

"మన దగ్గర్నే. ఇంకెక్కడ?"

ఆమె సరేనని తలూపింది. బ్యాగులోంచి జొన్నపేలాల పొట్లం తీసి నా చేతిలో సగం పోసింది. నేను తిన్నాను. ఇంతకాలం తర్వాత కూడా ఆ పేలాల సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది.

సమీక్ష రోజు వచ్చింది. బయటి సంస్థ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. ఈ విషయంలో ఆరితేరిన మనిషి. మా పై అధికారులు ఇద్దరు, పెద్దసారు, అమ్మాయి. గోడవారగా నేను. సీసాలూ కడ్డీలూ అందించడం నా పని. అమ్మాయి చక్కగా చెప్పింది. తన రీడింగులు, వాటిని ఎన్నిసార్లు చేసిందీ, ఎట్లా చేసిందీ అన్నీ చూపించింది. అంతా విని పెద్దావిడ అడిగారు.

"మీ సారు నివేదికలో చాలా ఎక్కువ ఉంది. మీ దగ్గర చాలా తక్కువ ఉంది. ఎందుకంటారు?"

అమ్మాయి పెద్దసారు వైపు ఒకసారి చూసింది. పగుళ్ల కథ చెప్పి, ముక్క ఏరడంలో పొరపాటు చేశానని ఒప్పుకుంటే పెద్దసారు సంతోషించేవాడు, ఫెలోషిప్పు కూడా దక్కేదేమో. కాని ఆమె, "నా కొలతలు సరైనవే మేడమ్. మొదటి పొడి ఎందుకట్ల వచ్చిందో నేను చెప్పలేను" అంది.

ఒక అధికారి చేతిలో కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ రాత ఏమిటో నాకు కనపడలేదు. అయినా అర్థమైంది. నా నోట్లోంచి మాట అప్పుడు వచ్చింది. సమావేశాల్లో ముప్పై మూడేళ్లుగా "సార్, నీళ్లు" తప్ప ఇంకో మాట ఎరగని నోరు అది.

"ఆ పొడి ల్యాబుల చేసింది కాదు మేడమ్. నేను బయట దంచిపిచ్చిన. హమాందస్తాల."

"ఎందులో?" అన్నారావిడ.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పసుపు చెప్పాను, మిర్చి చెప్పాను, చాయ్ హోటలు కూడా చెప్పాను. ముల్తానీ మట్టిదాకా వచ్చేసరికి పై అధికారి ఒకాయన చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. పెద్దసారు మాత్రం నవ్వలేదు. తనే అడిగిన ఉపాయం అది. ఆయన నా వైపు చూడకుండా ముందున్న నీళ్లగ్లాసునే చూస్తున్నాడు. ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. పెద్దావిడ ఒక్కరే సీరియస్‌గా విని, "ఆ దుకాణం ఇంకా ఉందా? అదే రోట్లో, అదే పద్ధతిలో ఇంకో ముక్క దంచించి తీసుకురండి. సగం అక్కడ, సగం ఇక్కడ" అన్నారు.

మర్నాడు పొద్దున నేనూ, అమ్మాయీ కలిసి పత్తర్‌గట్టికి వెళ్లాం. ఆమె చేతిలో కడ్డీ ముక్క. భాయ్ మమ్మల్ని చూసి మహదానందపడ్డాడు.

"అచ్ఛా, నా పొడి సర్కార్‌కు పసంద్ వచ్చిందా?"

"మస్తు పసంద్ వచ్చింది భాయ్. ఆ రోజు ఎట్ల సాఫ్ జేసినవో గట్లనే చెయ్" అన్నాను.

ఈసారి నేను చాయ్‌కి పోలేదు. మట్టి వేసి దంచి తుడవడం, మళ్లీ వేయడం, నాలుగుసార్లూ పక్కన నిలబడి చూశాం. అమ్మాయి అన్నీ రాసుకుంది. రీడింగులు వచ్చాయి. దుకాణంలో దంచిన సగం సీజియాన్ని గట్టిగా పట్టుకుంది. యంత్రంలో చేసిన సగం ఎప్పటిలాగే వదిలేసింది.

అంతటితో తేలిపోయిందని మీరు సంతోషించే ముందు ఇంకో మాట. దుకాణంలో రెండోసారి దంచింది మొదటిసారంత పట్టుకోలేదు. ఎక్కువే, కాని అంత ఎక్కువ కాదు. మొదటిసారి మట్టి ఇంకా ఎక్కువ మిగిలిందా? లేక పెద్దసారు చెప్పిన పగులు కూడా ఆ ముక్కలో నిజంగా ఉండేదా? మొదటి పొడి అప్పటికే అయిపోయింది. ఇక తేల్చేదారి లేదు. పెద్దసారు నివేదిక వెనక్కి తీసుకున్నాడు. నా దగ్గర సంజాయిషీ కాగితం తీసుకున్నారు. నేను రిటైరయ్యేదాకా ఆయన నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. వీడ్కోలు సభలో మాత్రం నా చెయ్యి పట్టుకుని, "పగులు కూడ ఉండెనేమో గదయ్యా" అన్నాడు. "ఉండొచ్చు సార్" అన్నాను. ఇద్దరం ఆ మాటే పట్టుకుని కాసేపు నిలబడ్డాం. అబద్ధం చెప్పలేదు. నాకు నిజంగానే తెలియదు.

అమ్మాయికి ఫెలోషిప్పు పొడిగించారు. ఆ ఉత్తర్వు వచ్చిన మధ్యాహ్నం ల్యాబులో మేమిద్దరమే ఉన్నాం. నేను పాత నోటుపుస్తకం తీసి ఆ పేజీ తెరిచాను. 'ల్యాబు' అన్న మాట మీద ఒక్క గీత కొట్టాను. మా పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, నేను దాని పైన రాసింది తెలుగులో చెబుతాను: 'పొరపాటున ల్యాబు అని రాశాను. బయట దుకాణంలో హమాందస్తాలో దంచించినది.' సంతకం పెట్టి, తారీఖు వేసి, ఆమె ముందుకు జరిపాను. సాక్షి సంతకం కావాలి.

ఆమె చదివింది. పెన్ను తీసుకోలేదు.

"నాకు మొదటి రోజే వాసన వచ్చింది అంకుల్" అంది.

"ఏం వాసన?"

"ముల్తానీ మట్టిది. మా అమ్మ ప్రతి ఆదివారం నా మొఖానికి పెడ్తది, నాకు తెల్వదా? పొట్లం ఇప్పంగనే తెల్సింది. రాయికి గా వాసన ఎట్లొస్తదని మస్తు రోజులు పరేషానైన."

"మరి చెప్పకపోతివి బిడ్డా? నీ ఫెలోషిప్పు పోతుండె గద" అన్నాను.

"వాసన వచ్చిందని రిపోర్టుల రాస్తె ఎవరు నమ్ముతరు? గా పొడి ఎక్కడ చేసిన్రో మీరే చెప్పాలె. అందుకే రైల్ల అడిగిన." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "మీరే చెప్తరని రోజు చూసిన అంకుల్."

పుస్తకం మా మధ్య టేబుల్ మీద తెరిచి ఉంది. ఆమె చూపుడువేలు పెట్టి నేను రాసిన వాక్యంలో మొదటి మాట దగ్గర ఆపింది.

ఆ గడిలో 'ల్యాబు' అని రాసిన రోజు అది పొరపాటో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. రైల్లో "మన దగ్గర్నే" అని చెప్పి ఆమె పేలాలు తిన్న రోజు మాత్రం పొరపాటు కాదు. అది నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

నేను పెన్ను తీసి 'పొరపాటున' అన్న మాట మీద ఒక్కటే గీత కొట్టాను. కింద ఏముందో చదవడానికి వీలుగా, నేను నేర్పినట్టే. పక్కన సంతకం పెట్టాను. అప్పుడు ఆమె పెన్ను తీసుకుని సాక్షి సంతకం చేసింది.